బ్యాక్‌స్టే అడ్జస్టర్ కొనేముందు: మేనకోడలికి ఉత్తరం

నెల్లూరు

చిరంజీవి బుజ్జమ్మకు మామయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

చెన్నైలో పాత 26 అడుగుల సెయిల్‌బోటు కొన్నావనీ, వేసవిలో దాన్ని కృష్ణపట్నం దాకా నువ్వే నడుపుకుంటూ వస్తావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇళ్లల్లో ఇట్టాంటి పని తలపెట్టినవాళ్లు లేరు. చానా గర్వంగా ఉందమ్మా. అయితే పనిలో పనిగా బ్యాక్‌స్టే వైరుని బిగించి వదిలే సెకండ్‌హ్యాండ్ హైడ్రాలిక్ అడ్జస్టర్ (నూనె ఒత్తిడితో పనిచేసేది) చవగ్గా దొరికిందన్నావంట. ఆ మాట విన్నకాడ్నుంచీ మనసు నిలవడం లేదు. డబ్బు ఇచ్చేయకముందే ఈ ఉత్తరం అందాలని రాస్తున్నా.

హుస్సేన్‌సాగర్‌లో నువ్వు నేర్చుకున్న ఆప్టిమిస్ట్, లేజర్ బోట్లకు బ్యాక్‌స్టే అనేదే ఉండదు. అందుకే దాన్ని నువ్వు తెరచాప సర్దే తాళ్లలో ఒకటిగా లెక్కేస్తున్నావు. నీ బోటులో అది మాస్ట్‌ని, అంటే తెరచాప స్తంభాన్ని, వెనక నుంచి పట్టుకునే ఒకే ఒక్క వైరు. బిగిస్తే ముందున్న వైరు ఫోర్‌స్టే బిగుసుకుని, ముందు తెరచాప జెనోవా పొట్ట తగ్గుతుంది, గాలి వచ్చే దిక్కుకి బోటు ఇంకాస్త దగ్గరగా పోతుంది. ఈ పనికోసమే అడ్జస్టర్. కానీ దాని మొదటి ధర్మం మాస్ట్‌ని నిలబెట్టడం.

మీ అమ్మ పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. ఫోర్‌స్టే, బ్యాక్‌స్టే రెండూ మాస్ట్ కొసకే ఉన్నాయి. పక్క వైర్లని ఎడంగా పట్టే కడ్డీలు, స్ప్రెడర్లు, వెనక్కి వాలకుండా నేరుగా పక్కలకు చాచి ఉన్నాయి. స్ప్రెడర్లు వెనక్కి వాలిన బోటులో పక్క వైర్లు కూడా మాస్ట్‌ని కొంత వెనక్కి పడతాయి, బ్యాక్‌స్టే పోయినా కొంచెం టైం దొరుకుతుంది. నీకు ఆ ఆసరా లేదు. ఇంకొకటి: వైరు కింది కొసన స్వేజ్ (వైరు మీద నొక్కి బిగించిన గొట్టం) మూతి దగ్గర గోధుమరంగు చార ఉంది. అక్కడ ఉప్పునీళ్లు లోపల నిలిచి స్టీలుని తింటున్నాయి. గుడ్డ తీసుకుని వైరు మీద నిదానంగా లాగు. దారం ఎక్కడైనా పట్టుకుందంటే ఒక పోగు తెగినట్టే. పోగు తెగిన వైరుకి అడ్జస్టర్ పెట్టొద్దు, ముందు వైరు మార్చు.

ఇక హైడ్రాలిక్ సంగతి. లోపలి పిస్టన్ వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. గేజి 200 బార్ చూపిస్తుంటే వైరు మీద పడే లాగుడు దాదాపు 1,200 కిలోలు. నీది 5 ఎం.ఎం. స్టెయిన్‌లెస్ వైరు, 1×19 రకం (పందొమ్మిది పోగులది) అయితే కంపెనీని బట్టి 1,700 నుంచి 2,000 కిలోల దగ్గర తెగుతుంది. పంపు నాలుగు దెబ్బలు ఎక్కువ కొట్టావంటే తెగే బరువులో మూడింట రెండొంతులకు వెళ్లిపోతావు, చేతికి ఆ సంగతి తెలియనే తెలియదు. పాత సిలిండర్‌కి సీళ్లు మార్చాలి, కడ్డీ మీద ఒక్క గీత ఉన్నా నూనె కారుతుంది. నలభై అడుగుల బోటుకి అది అవసరం. నీకు వద్దు. వద్దంటే వద్దు.

మిగిలిన అడ్జస్టర్ రకాలు మూడు. బ్యాక్‌స్టేని కింద రెండు కాళ్లుగా చీల్చి, ఆ కాళ్ల మీద చక్రాలు కిందికి లాగి దగ్గరకు నొక్కేది ఒకటి. తాడు తెగినా కప్పీ పగిలినా వైరు అట్టే ఉంటుంది, మాస్ట్‌కి ఏమీ కాదు. నా లెక్కలో ఇదే అన్నిటికన్నా నిబ్బరమైనది. కాకపోతే ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) రెండు మూలలా వైరు తగిలించే గట్టి చైన్‌ప్లేట్లు ఉండాలి, నీకు మధ్యలో ఒకటే ఉంది. మూలల్లో కొత్తవి పెట్టాలంటే లోపలి నుంచి ఫైబర్ బలపరచాలి, ఈ వేసవికి అయ్యే పని కాదు.

రెండోది స్క్రూ రకం, చక్రమో మడత పిడో తిప్పి బిగించేది. నిదానమే గాని గట్టిది. మరలు కంచువి అయ్యుండాలి. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ మర బరువులో తిరిగితే కరుచుకుపోతుంది, ఇక రాదు. నన్నడిగితే నీకు ఇదే కొనిపెడతాను.

మూడోది కప్పీల సెట్టు. గాలి మారినప్పుడల్లా చేత్తో లాగి సర్దుకోవాలని నీ ఆశ, నాకు తెలుసు. చిన్నప్పుడు మైపాడు తీరంలో గాలిపటం దారం ఎవరి చేతికీ ఇచ్చేదానివి కాదు. సరే, కప్పీలే పెట్టుకో. కానీ లెక్క సరిగా చెయ్యి.

వైరు తెగే బరువులో పాతిక శాతానికి మించి మామూలుగా లాగకూడదు. 1,800 అనుకుంటే 450 కిలోలు. ఊగే బోటులో ఒక చేత్తో సుఖంగా లాగేది 15 నుంచి 20 కిలోలు. కాబట్టి 32:1 కావాలి: 2:1 వరసలు మూడు ఒకదాని కింద ఒకటి, చివర 4:1. బాల్ బేరింగ్ కప్పీలైతే రాపిడికి ఏడో వంతు పోతుంది, మామూలు కప్పీలైతే నాలుగో వంతు. అందరూ బలం లెక్కేసి పొడవు మరిచిపోతారు. నీ బోటులో వైరు సాగడం, బోటు ఒళ్లు వంగడం అన్నీ కలిపి బ్యాక్‌స్టే 8 సెం.మీ. కిందికి రావాలి. మొదటి కప్పీ 8 దిగితే రెండోది 16, మూడోది 32, ఆఖరి 4:1 పై కప్పీ 64 సెం.మీ. దిగాలి. కప్పీల సొంత పొడవు, కాస్త వెసులుబాటు కలుపుకుంటే మీటరు పైన చోటు కావాలి. ఆ చోటు లేకపోతే సగం బిగువుకే కప్పీ కప్పీని తాకి ఆగిపోతుంది. నువ్వేమో బిగిసిందనుకుంటావు. చేతిలోకి వచ్చే తాడు రెండున్నర మీటర్లు, కింద చిక్కుపడకుండా చిన్న సంచి పెట్టుకో.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి చెప్తాను, ఇది రెండుసార్లు చదువు. కప్పీల సెట్టు పెట్టే ప్రతివాళ్లూ చేసే పాత తప్పు ఒకటుంది. వైరు కింది ముక్క తీసేసి ఆ చోట కప్పీలు వేలాడదీస్తారు, అంతటితో పని అయిపోయిందనుకుంటారు. అప్పుడు మాస్ట్ మొత్తం ఒక చిన్న షాకిల్ (U ఆకారపు లోహపు లంకె) మీద, దాని పిన్ను మీద, ఎండకి పెళుసెక్కే తాడు మీద నిలబడి ఉంటుంది. వాటిలో ఏది పోయినా మాస్ట్‌ని వెనక పట్టేది ఏదీ లేదు. అందుకని కప్పీలకు పక్కనే, వాటితో సంబంధం లేకుండా, వైరు కొస నుంచి చైన్‌ప్లేట్ దాకా ఒక కాపుదల తాడు ఉండాలి. దీన్ని స్ట్రాప్ అంటారు.

కొందరు స్ట్రాప్ కడతారు గానీ తప్పుగా కడతారు. కప్పీల షాకిల్‌కే దాన్నీ తగిలిస్తారు. ఆ షాకిల్ పోతే రెండూ పోతాయి. లేదా ముడి వేస్తారు. డైనీమా అనే గట్టి సింథటిక్ తాడుకి ముడి వేస్తే బలం సగానికి పడిపోతుంది, పైగా జారుతుంది. అన్నిటికన్నా చెడ్డది, 'ఎందుకైనా మంచిది' అని 30 సెం.మీ. ఎక్కువ పొడవు వదలడం. లెక్క చూడు. మాస్ట్ ఎత్తు 10 మీటర్లు, దాని పాదానికి చైన్‌ప్లేట్ మూడున్నర మీటర్లు వెనక. ఆ కోణంలో బ్యాక్‌స్టే 1 సెం.మీ. వదులైతే మాస్ట్ కొన దాదాపు 3 సెం.మీ. ముందుకు పోతుంది. 30 సెం.మీ. వదులంటే 90 సెం.మీ. కొన అంత దూరం ముందుకు పడి, ఊపందుకుని, అప్పుడు స్ట్రాప్‌ని కొడుతుంది. నిండు బొక్కెనను బావిలోకి వదిలేస్తే చేంతాడు చివర ఎట్టా కొడుతుందో అట్టా. అడ్జస్టర్ తట్టుకోలేని బరువుకి ఎన్నో రెట్లు ఆ ఒక్క దెబ్బలో ఉంటుంది.

కాబట్టి ఇట్లా చెయ్యి. వైరు కింది కొసకి మూడు బెజ్జాల ప్లేటు పెట్టు: వైరుకి ఒక పిన్ను, కప్పీకి ఒకటి, స్ట్రాప్‌కి ఒకటి. కింద చైన్‌ప్లేట్ దగ్గర కూడా వేరు వేరు పిన్నులే. మాస్ట్ నిటారుగా ఉండి ఫోర్‌స్టే ఇంకా వేలాడని చోటికి అడ్జస్టర్ వదులు చెయ్యి. అదే నీకు అనుమతి ఉన్న ఆఖరి వదులు. అక్కడ పిన్ను నుంచి పిన్ను దాకా కొలువు. స్ట్రాప్ అంతే పొడవుండాలి, మహా అయితే 1 సెం.మీ. ఎక్కువ. 5 ఎం.ఎం. డైనీమాతో రెండు కొసలా స్ప్లైస్ చెయ్యి, అంటే ముడి లేకుండా కొసని మడిచి తాడు లోపలికే దూర్చు. లోపలికి దూర్చే తోక తాడు మందానికి 72 రెట్లు, అంటే 36 సెం.మీ., చివర పలచబరచాలి. కొత్త స్ప్లైస్ మొదటి లాగుడుకి సర్దుకుని పొడవు పెరుగుతుంది, అందుకే వించ్‌తో గట్టిగా లాగిపెట్టిన తర్వాతే ఆఖరి కొలత చూసుకో. మన ఎండకి పైన కవర్ తొడుగు.

వైరు కొయ్యకముందు స్పేర్ హాల్యార్డ్ (తెరచాప ఎత్తే తాడు), టాపింగ్ లిఫ్ట్ (తెరచాప కింది అడ్డకడ్డీ బూమ్‌ని పైనుంచి పట్టే తాడు) రెండూ వెనక్కి కట్టి బిగించు. కొత్త కొసకి స్వేజ్ మెషిన్ కోసం తిరగొద్దు. స్టా-లాక్ లాంటి టెర్మినల్ (వైరు కొసకి బిగించే తొడుగు) రెండు పానాలతో బిగించవచ్చు. విప్పి మళ్లీ బిగిస్తే లోపలి కోన్ కొత్తది వెయ్యాలి. రెండు కొసలా టాగిల్ (అటూ ఇటూ వంగే కీలు) ఉండాలి, లేకపోతే ఊగి ఊగి మర దగ్గర విరుగుతుంది. షాకిళ్లు స్టోన్‌హౌస్‌పేట హార్డ్‌వేర్ షాపుల్లో తెస్తానంటావేమో. మీద బరువు ముద్ర లేనిది ముట్టుకోవద్దు. స్టెయిన్‌లెస్ రకాల్లో 304 కి 316 కి తేడా అయస్కాంతంతో తెలియదమ్మా, ఉప్పు గాలికే తెలుస్తుంది.

పెట్టాక బిగువు కొలవడానికి మీటరు యంత్రం అక్కర్లేదు. అడ్జస్టర్ వదిలేసి, 2 మీటర్ల అల్యూమినియం పట్టీని వైరుకి ఆనించి పై కొస టేపుతో చుట్టు, కింది కొస టెర్మినల్ అంచుకి సరిగ్గా తాకాలి. లాగుతూ పో. పట్టీకి, టెర్మినల్‌కి మధ్య 1 ఎం.ఎం. ఖాళీ వస్తే తెగే బరువులో 5 శాతం. 5 ఎం.ఎం. వస్తే పాతిక శాతం, అక్కడ ఆపి తాడు మీద ఎర్ర దారంతో గుర్తు కుట్టు. ఆ గుర్తు దాటొద్దు. ఒడ్డుకొచ్చి కట్టేశాక వదులు చెయ్యి, మంచినీళ్లతో కడుగు.

చెన్నై నుంచి కృష్ణపట్నానికి సుమారు 70 నాటికల్ మైళ్లు. వేసవిలో దక్షిణపు గాలి నీ వెనక నుంచే వస్తుంది. వెనక గాలికి మెయిన్‌షీట్ (పెద్ద తెరచాపని సర్దే తాడు) వదిలి ఉంటుంది కాబట్టి మాస్ట్‌ని వెనక్కి పట్టేది బ్యాక్‌స్టే ఒక్కటే. పొరపాటున జైబ్ పడిందంటే, అంటే వెనక గాలికి తెరచాప ఒక్కసారిగా అవతలి పక్కకి తిరిగిందంటే, ఆ దెబ్బ దానికే. అందుకని వెనక గాలిలో పూర్తిగా వదలొద్దు, గుర్తుకి సగంలో ఉంచు. రాత్రి నడిపితే బూమ్‌ అట్టా తిరగకుండా ఆపే ప్రివెంటర్ తాడు కట్టు. ఎప్పుడైనా వెనక టప్‌మని చప్పుడై బ్యాక్‌స్టే పోయిందనుకో: ఆలోచించకుండా బోటుని గాలికి ఎదురు తిప్పి మెయిన్‌షీట్ బిగించెయ్. మెయిన్‌సెయిల్ వెనక అంచు కాసేపు బ్యాక్‌స్టే పని చేస్తుంది. తర్వాత జెనోవా దించు. టాపింగ్ లిఫ్టో, స్పేర్ హాల్యార్డో వెనక్కి కట్టి బిగించేదాకా మెయిన్ మాత్రం దించొద్దు.

వైరు మీద రంపం పెట్టకముందు నాకు మూడు పంపు: చైన్‌ప్లేట్ బెజ్జం వ్యాసం, ట్రాన్సమ్ లోపలి వైపు ఫొటో, బ్యాక్‌స్టే కింది కొస నుంచి చైన్‌ప్లేట్ దాకా ఇప్పుడున్న పొడవు మిల్లీమీటర్లలో. కప్పీల జాబితా నేను రాసి పంపుతాను. మీ అమ్మతో నేను మాట్లాడతాలే, నువ్వు కంగారు పెట్టుకోకు.

ఇట్లు,
మామయ్య