షిఫ్ట్ ఇన్‌చార్జి అయిన అల్లుడికి

అల్లుడూ,

థర్మల్ కరెంటు ప్లాంటులో షిఫ్ట్ ఇన్‌చార్జి అయ్యావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చాలా సంతోషం రా. కానీ కంట్రోల్ రూమ్‌లో ఏసీ కింద కూర్చుని స్క్రీన్ చూస్తూ ప్లాంటంతా నా కళ్ళ ముందే ఉంది అనుకునే రోగం ఒకటుంది, మొదటి ఏడాదే పట్టుకుంటుంది, నాకూ పట్టింది, అందుకే ఇది రాస్తున్నా.

అలారం మోగక ముందే సంగతి ఎవడో ఒకడికి తెలిసే ఉంటుంది. బూడిద తీసేవాడికో, బెల్టు కింద చిమ్మేవాడికో. వాడు నీ దాకా వచ్చి చెప్తాడా లేదా అన్నదే లెక్క.

మా బొగ్గు కన్వేయర్ దగ్గర ఒకసారి పుల్ కార్డు, అంటే ప్రమాదమొస్తే బెల్టు ఆపే తాడు, లాగితే బెల్టు ఆగలేదు. ఊరికే ట్రిప్ అయి బెల్టు ఆగిపోతోందని ఎవడో ఆ స్విచ్‌ని బైండింగ్ వైరుతో కట్టేశాడు! చిమ్మే కుర్రాడి కండువా రోలర్లో పడింది, అది చిరిగి రాబట్టి వాడి మెడ మిగిలింది. నీకు ముందే తెలుసా అని అడిగితే పదిహేను రోజుల నుంచి తెలుసు సార్ అన్నాడు. మరి చెప్పలేదేం రా అంటే, అంతకుముందు రోలర్ తిరగట్లేదని చెప్పినందుకు కాంట్రాక్టర్ మనిషి రెండ్రోజులు పనికి రావొద్దన్నాడట. నాకు నోట మాట రాలేదు.

కాబట్టి కాంట్రాక్టు వాళ్ళెవరైనా ఏదైనా చెప్తే, చెప్పినవాడి పేరు బయటికి రానీకుండా నువ్వే లాగ్ బుక్‌లో ఎక్కించు, ఆ షిఫ్ట్ అయ్యేలోపు ఏం చేశావో వాడికి చెప్పు. గేటు దగ్గర ఇన్ని రోజులుగా ప్రమాదం లేదు అని బోర్డు ఉంటుంది చూడు, ఆ అంకె పెరిగేకొద్దీ జనం చిన్న దెబ్బల్ని దాచేస్తారు, నాకైతే ఆ బోర్డు ఎప్పుడూ నచ్చలేదు.

రిపేరు పని మొదలెట్టడానికిచ్చే పర్మిట్ మీద సంతకం కుర్చీలో కూర్చుని పెట్టకు. బ్రేకర్ రాక్ ఔట్ అయిందా, అంటే కరెంటు రాకుండా బయటికి లాగేశారా, ఎర్తింగ్ పడిందా, ఆన్ చేయొద్దని ట్యాగ్ ఉందా వెళ్ళి చూసుకో. షిఫ్ట్ మారేటప్పుడు ఓపెన్‌లో ఉన్న పర్మిట్లు నోటితో చెప్పి అప్పజెప్పు.

ఇంకోటి, లోడ్, అంటే కరెంటు ఉత్పత్తి, తగ్గించొద్దని పైనుంచి ఫోన్ వస్తుంది. 2017 నవంబర్ 1న ఉత్తరప్రదేశ్‌లోని ఊంచాహార్‌లో 500 మెగావాట్ల ఆరో యూనిట్‌లో బొగ్గు మండే ఫర్నేస్ అడుగున బూడిద గడ్డకట్టి పేరుకుపోతే యూనిట్ ఆపకుండానే దాన్ని పొడిచి తీసే పని పెట్టారు, ఒక్కసారిగా వేడి గ్యాసు, బూడిద తన్నుకొచ్చి 40 మందికి పైగా పోయారు, అందులో ఎక్కువమంది కాంట్రాక్టు వాళ్ళే. ఫర్నేస్ దగ్గర అంతమంది చేరారంటేనే యూనిట్ ఆపాలని అర్థం. ఆపు, తర్వాత మెమో వస్తే రానీ.

ఊరి సంగతి కూడా ఇంతే. ప్లాంటు బూడిదని నీళ్ళతో కలిపి వదిలే బూడిద చెరువు గట్టు మీద చెమ్మ ఊరితే ముందు చూసేది ఆ పక్క పొలం వాడు. అమెరికాలో కింగ్‌స్టన్ ప్లాంటు గట్టు 2003లో ఒకసారి, 2006లో ఒకసారి కారింది, అతుకులేసి నడిపించారు, 2008 డిసెంబర్ 22న తెగి 300 ఎకరాల మీద బూడిద బురద పరుచుకుంది. పొలం వాడు ఫోన్ చేస్తే సెక్యూరిటీకి కలపకుండా నువ్వే మాట్లాడు. చెరువు ఎండితే దుమ్ము లేస్తుంది, నీళ్ళు చల్లించు, చల్లించలేకపోతే రేపు చల్లిస్తాం అని అబద్ధం మాత్రం ఆడకు. ఉద్యోగాలిప్పిస్తానని అసలు అనకు, అది నీ చేతిలో లేదు. పైపులు శుభ్రం చేయడానికి ఆవిరి వదిలే స్టీమ్ బ్లోయింగ్ ఉంటే ముందురోజే ఊళ్ళో చెప్పించు, ఆ చప్పుడుకి పిల్లలు, ముసలాళ్ళు హడలిపోతారు.

నీళ్ళ శుద్ధికి వాడే క్లోరిన్ లీకైతే ఏం చేయాలో నేర్పే డ్రిల్ అంటే గేటు లోపల చేసి ఫోటోలు దిగడం కాదు. ఆ గ్యాసు గాలికన్నా బరువు, పల్లంలో చేరుతుంది, గాలి వాటానికి అడ్డంగా మెరక మీదకి పోవాలని ఊళ్ళో వాళ్ళకీ తెలియాలి కదా.

మొదటి నైట్ షిఫ్ట్‌లో తెల్లారుజామున మూడింటికి ఎవర్నీ వెంటేసుకోకుండా బూడిద వైపు ఒక రౌండ్ కొట్టిరా, నీ వాకీటాకీ మాత్రం ఆన్‌లో ఉంచు. టార్చ్ కూడా నీదే పట్టుకెళ్ళు, అక్కడ లైట్లు సరిగ్గా వెలిగే ప్లాంటు నేనైతే ఇంతవరకు చూళ్ళేదు.

మీ మావయ్య