పెళ్లి వీడియోలు, జానపద పాటలు ఎడిట్ చేయడానికి ఎలాంటి మానిటర్ కొనాలి?

మీరు హన్మకొండలో పెళ్లి వీడియోలూ, యూట్యూబ్‌లో పెట్టే జానపద పాటలూ ఎడిట్ చేస్తున్నారు. 22 అంగుళాల పాత మానిటర్‌ను మార్చడానికి 25,000 రూపాయలు పక్కన పెట్టుకున్నారు. 27 అంగుళాల 4కే (అడ్డంగా 3840, నిలువుగా 2160 పిక్సెళ్లు) తీసుకోవాలా, 1440పీ (2560, 1440 పిక్సెళ్లు) సరిపోతుందా, వెలుగు చీకట్ల తేడాను ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ లేకపోతే వెనకబడిపోతామా అని అడిగారు. నేను వరంగల్‌లో 12 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఇప్పటికి మూడు మానిటర్లు కొన్నాను, వాటిలో మొదటి రెండూ చూడవలసింది చూడకుండా కొన్నవే. కాబట్టి 4కే సంగతి తరువాత చెప్తాను, ముందు నాకు దెబ్బ తగిలిన చోటి నుంచి మొదలుపెడతాను.

మొదటిది 24 అంగుళాల టీఎన్ అనే రకం ప్యానెల్ మానిటర్. దుకాణంలో పక్కనున్న వాటికంటే తెల్లగా మెరుస్తున్నదని అదే మంచిదనుకొని తెచ్చుకున్నాను. ఆ తెలుపులో నీలం పాలు ఎక్కువగా ఉన్నదని అప్పుడు నాకు తెలియదు. మైలపోలు నాడు పసుపు పూసుకున్న పెళ్లికూతురు ముఖం నా తెర మీద పాలిపోయి, నీలిఛాయలో కనిపించేది. సరిచేస్తున్నాననుకొని టెంపరేచర్ స్లైడర్‌ను వెచ్చటి వైపుకు జరుపుతూ పోయాను. పరకాల దగ్గరి ఒక ఊళ్లో ఆ కుటుంబం తమ ఇంటి టీవీలో వీడియో పెట్టుకొని చూసిన రోజున అమ్మాయి తండ్రి ఫోన్ చేసి, "మా బిడ్డకు కామెర్లు వచ్చినట్టు అగుపడుతున్నదేంది సారూ" అన్నాడు. తెర నీలంగా అబద్ధం చెప్పింది, ఆ అబద్ధాన్ని నేను పసుపుతో కప్పాను, వారి టీవీలో ఆ నీలం లేదు కాబట్టి నేను కలిపిన పసుపు ఒక్కటే మిగిలింది. నాలుగు గంటల వీడియోకు మళ్లీ రంగులు దిద్ది ఇవ్వవలసి వచ్చింది, ఆ పనికి రూపాయి కూడా రాలేదు.

అందువల్ల మానిటర్ పెట్టె మీద మీరు మొదట వెతకవలసింది రిజల్యూషన్ కాదు, ఎస్‌ఆర్‌జీబీ శాతం, అంటే ఆ పేరుగల ప్రామాణిక రంగుల్లో తెర ఎన్నింటిని చూపగలదన్న లెక్క. హెచ్‌డీ వీడియో రంగులకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1990లో ఆమోదించిన ప్రమాణాన్ని మనం రెక్ 709 అంటున్నాం. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ సంస్థలు కలిసి ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ కూడా అవే మూల ఎరుపు, ఆకుపచ్చ, నీలాలనూ, సుమారు 6500 కెల్విన్ ఉండే అదే తెలుపునూ తీసుకున్నది. గామా, అంటే నలుపు నుంచి తెలుపుకు వెలుతురు పెరిగే తీరు దగ్గర కొద్దిగా తేడా ఉన్నా, ఎస్‌ఆర్‌జీబీని 99 లేదా 100 శాతం చూపే మానిటర్ యూట్యూబ్‌కూ, పెళ్లి వీడియోలకూ కావలసిన రంగులన్నిటినీ చూపగలదు. కొన్ని పెట్టెల మీద ఈ లెక్కను ఎన్‌టీఎస్‌సీ అనే పాత టీవీ ప్రమాణంలో రాస్తారు. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే దాదాపు ఎస్‌ఆర్‌జీబీ అంత విస్తీర్ణం, 45 శాతం అంటే అందులో మూడింట రెండు వంతులకు కూడా చేరదు. చవక మానిటర్లలోనూ, చాలా లాప్‌టాప్ తెరల్లోనూ ఈ 45 కనిపిస్తుంది. దాని మీద ఎనుమాముల మార్కెట్‌లో రాశి పోసిన ఎండుమిర్చిని చూస్తే ఎరుపు ఇటుక రంగుకు దిగిపోయి ఉంటుంది. మీరు దాన్ని సరిచేయబోయి ఎరుపు పెంచితే, చూసేవాళ్ల ఫోన్లలో ఆ మిర్చి నిప్పులా మండుతుంది.

రంగుల విస్తీర్ణం ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిదనుకోవడం నా రెండో తప్పు. ఆ మానిటర్‌కు డీసీఐ-పీ3 95 శాతం అని రాసి ఉండగా, సినిమా వాళ్ల ప్రమాణం కదా అని సంతోషంగా కొన్నాను. మొదటిసారి దాని మీద దిద్దినది ఒక బతుకమ్మ పాట. తంగేడు పసుపు, బంతిపూల నారింజ, ఆడపిల్లల పట్టుపరికిణీల ఎరుపు, అన్నీ కళ్లలో గుచ్చుకునేంత గాఢంగా కనిపించాయి. కెమెరా అతి చేసిందనుకొని శాచురేషన్ తగ్గించాను. పాట విడుదలైన సాయంత్రం ఫోన్‌లో చూస్తే బతుకమ్మ మూడు రోజుల కింద పేర్చినట్టు వాడిపోయి ఉన్నది. విస్తృతమైన రంగులు చూపగల తెర, రెక్ 709లో ఉన్న వీడియోను ఎవరూ అనువదించి ఇవ్వకపోతే, ఆ అంకెలను తన సొంత ఎరుపు, తన సొంత ఆకుపచ్చల మీద సాగదీసి చూపిస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో డిస్‌ప్లే కలర్ మేనేజ్‌మెంట్ ఆన్ చేసి, సిస్టమ్‌కు సరైన ప్రొఫైల్ (ఆ తెర రంగుల వివరాలుండే ఫైల్) ఇస్తే ఇది తగ్గుతుంది. అంతకంటే తేలికైన దారి మానిటర్ మెనూలోనే ఉండే ఎస్‌ఆర్‌జీబీ మోడ్. అయితే కొన్ని మానిటర్లలో ఆ మోడ్‌లోకి వెళ్లగానే బ్రైట్‌నెస్ సర్దుబాటుకు తాళం పడుతుంది. ఆ తాళం ఉన్న మోడల్ ఎంత మంచి పేరున్నదైనా కొనవద్దని నా సలహా.

ప్యానెల్ విషయంలో ఎక్కువ ఆలోచించకుండా ఐపీఎస్ రకం తీసుకోండి. వీఏ అనే మరో రకం ప్యానెల్‌లో నలుపు చిక్కగా ఉంటుంది, దాని కాంట్రాస్ట్ సాధారణంగా 3000కు 1 దాకా ఉంటే, మామూలు ఐపీఎస్‌ది 1000కి 1 దగ్గరే ఆగుతుంది. కానీ వీఏ తెరను పక్క నుంచి చూస్తే చీకటి భాగాలూ, చర్మపు రంగులూ మారతాయి. మన పనిలో ఇది చిన్న విషయం కాదు. కరెక్షన్లు చెప్పడానికి వచ్చిన రోజున అమ్మాయి తరఫువాళ్లు ఒకవైపు, అబ్బాయి తరఫువాళ్లు మరోవైపు కూర్చుంటారు, ఇద్దరికీ రెండు రకాల పెళ్లికూతురు కనిపిస్తే మధ్యలో మీరు చిక్కుకుంటారు. ప్రతి పిక్సెల్ తానే వెలిగే ఓఎల్‌ఈడీ మీ బడ్జెట్‌లో దొరకడం కష్టం. దొరికినా, రోజుకు పది గంటలు ఒకేచోట కదలకుండా ఉండే టైమ్‌లైన్ గీతలు దాని మీద ముద్రపడిపోయే ప్రమాదం ఉన్నది.

ఇక 4కేనా, 1440పీనా అన్నది. 27 అంగుళాల తెర మీద 1440పీ అంటే అంగుళానికి సుమారు 109 పిక్సెళ్లు, 4కే అంటే సుమారు 163. అంత చిన్న పిక్సెళ్ల మీద మెనూల అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి కాబట్టి అందరూ విండోస్‌లో స్కేలింగ్ 150 శాతం పెట్టుకుంటారు. 3840ని ఒకటిన్నరతో భాగిస్తే వచ్చేది 2560. అంటే టైమ్‌లైన్‌కూ, ప్యానెళ్లకూ దొరికే చోటు 1440పీలో ఎంతో ఇక్కడా అంతే, అక్షరాలూ బొమ్మా మాత్రం పదునుగా ఉంటాయి. ఆ పదును నిజమైన లాభమే, 4కేలో తీసిన షాట్‌లో ఫోకస్ కంటిమీద ఉన్నదా, ముక్కుమీద ఉన్నదా అని చూడడానికి పనికివస్తుంది. అయితే 1440పీలో కూడా ప్రివ్యూను 100 శాతానికి పెంచి అటూఇటూ జరుపుకుంటూ ఆ పరీక్ష చేసుకోవచ్చు, నేను ఇప్పటికీ అలాగే చేస్తున్నాను. ఒకే ధరలో రంగు నమ్మదగిన 1440పీ, రంగు తెలియని 4కే పక్కపక్కన ఉంటే నేను మొదటిదే తీసుకుంటాను. ఒక్కటి మాత్రం వద్దు, 27 అంగుళాల్లో 1080పీ. అంగుళానికి 82 పిక్సెళ్లకు దిగిపోయి, అక్షరాల అంచులు పళ్లుపళ్లుగా కనిపిస్తాయి. 1080పీతో సరిపెట్టుకోవలసి వస్తే 24 అంగుళాలు దాటకండి.

మీ గ్రాఫిక్స్ కార్డు పాతదైతే ఇంకొక సంగతి చూసుకోవాలి. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కేను సెకనుకు 30 సార్లకు మించి పంపలేదు, మౌస్ బాణం కూడా ఈడ్చుకుంటూ నడిచినట్టుంటుంది. 60కి హెచ్‌డీఎంఐ 2.0 గాని, డిస్‌ప్లేపోర్ట్ 1.2 గాని ఉండాలి.

హెచ్‌డీఆర్ గురించి ఒక్క మాట చాలు. ఈ ధరల్లో కనిపించే హెచ్‌డీఆర్ 400 ముద్రకు తెర వెలుతురు గరిష్ఠంగా 400 నిట్లు (నిట్ అంటే తెర వెలుతురు కొలత) చేరితే చాలు, నలుపును చోటుచోటుకూ విడిగా తగ్గించే ఏర్పాటు తప్పనిసరి కాదు. అలాంటి తెర మీద హెచ్‌డీఆర్ గ్రేడింగ్ (రంగులు దిద్దడం) నేర్చుకోలేం, పైగా పెళ్లి వీడియోలను హెచ్‌డీఆర్‌లో అడిగేవాళ్లు నాకైతే ఇంతవరకు తగలలేదు.

దానికంటే 10 బిట్ గురించి ఆలోచించడం మేలు. 8 బిట్ తెర ఒక్కొక్క రంగును 256 మెట్లుగా చూపితే, 10 బిట్ తెర 1024 మెట్లుగా చూపుతుంది. కెమెరాలో లాగ్‌లో (తరువాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా చప్పటి రంగుల్లో రికార్డు చేసే పద్ధతిలో) తీసిన 10 బిట్ ఆకాశాన్ని 8 బిట్ తెర మీద చూసినప్పుడు కనిపించే పట్టీలు వీడియోలో ఉన్నాయా, తెరలో ఉన్నాయా అన్నది తేల్చుకోలేక నేను ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను. 8 బిట్‌కు ఎఫ్‌ఆర్‌సీ (పక్కపక్క మెట్లను వేగంగా మార్చుతూ మధ్య మెట్టు ఉన్నట్టు చూపే పద్ధతి) కలిపిన ప్యానెల్ ఈ ధరలో దొరికితే అది చాలు. 6 బిట్‌కు ఎఫ్‌ఆర్‌సీ కలిపినదాన్ని మాత్రం దూరం పెట్టండి.

మానిటర్ల గురించి రాసేవాళ్లు సాధారణంగా చెప్పనిది, మనకు బాగా పనికివచ్చేది రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను కొత్తగా వేస్తుందన్న లెక్క. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఫంక్షన్ హాలు లైట్ల కింద మినుకు రాకుండా చాలామంది 25 లేదా 50 ఫ్రేముల్లో తీస్తాం. 25 ఫ్రేముల వీడియోను 60 హెర్ట్జ్ తెర మీద చూస్తే 60ని 25 నిశ్శేషంగా భాగించదు, కొన్ని ఫ్రేములు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు నిలుస్తాయి. బరాత్‌లో గింబల్‌తో తీసిన పాన్ షాట్ తడబడినట్టు కనిపించేది, నేనేమో కెమెరామన్‌ను తప్పుపట్టేవాణ్ని. 75 హెర్ట్జ్‌కు మార్చగానే ప్రతి ఫ్రేమూ సరిగ్గా మూడుసార్లు నిలిచి తడబాటు పోయింది, అతనికి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. 50, 75, 100 హెర్ట్జ్‌లలో ఏదో ఒకటి పెట్టుకోగలిగిన మానిటర్ చూసుకోండి. గేమ్స్ ఆడేవాళ్లకు అమ్మే అంతకంటే పెద్ద అంకెలకు డబ్బు పెట్టవద్దు.

కొని తెచ్చిన రోజున చేయవలసిన పనులు కూడా కొనడం అంత ముఖ్యమైనవే. హెచ్‌డీఎంఐతో కలిపినప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఒక్కోసారి మానిటర్‌ను టీవీ అనుకొని 0 నుంచి 255కు బదులు 16 నుంచి 235 వరకే విలువలు పంపుతుంటుంది, అప్పుడు నలుపంతా బూడిద పూసినట్టుంటుంది. కార్డు సెట్టింగులలో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్‌ను ఫుల్‌కు మార్చాలి. డైనమిక్ కాంట్రాస్ట్, బ్లూ లైట్ ఫిల్టర్, విండోస్ నైట్ లైట్ అన్నీ ఆపేయాలి. బ్రైట్‌నెస్‌ను ఫ్యాక్టరీ పెట్టిన చోట వదిలేస్తే రాత్రి బరాత్ షాట్లు మీకు బాగా కనిపించి, చూసేవాళ్లకు చీకటిగా కనిపిస్తాయి. గ్రేడింగ్‌కు ప్రమాణం చీకటి గదిలో 100 నిట్లు, మామూలు గదిలో 120 దగ్గర పెట్టుకుంటే నడుస్తుంది.

ఆ 120 ఎక్కడున్నదో కంటితో తెలియదు, దానికి తెర వెలుతురునూ రంగులనూ కొలిచే కాలిబ్రేటర్ అనే పరికరం కావాలి. మీ డబ్బంతా మానిటర్‌కే పోయకుండా కొంత దీనికి మిగుల్చుకోమంటాను. నేను ఒక్కడినే కొనలేక, కాజీపేటలో ఒకరూ నర్సంపేటలో ఒకరూ ఇదే పనిలో ఉన్న మిత్రులతో కలిసి కొన్నాను, అది ముగ్గురి మధ్య తిరుగుతూ ఉంటుంది. తెరను అరగంట వెలిగించి ఉంచిన తరువాతే కొలవాలి, రెండు మూడు నెలలకొకసారి మళ్లీ కొలవాలి. అప్పటిదాకా, పెట్టెలో ఆ మానిటర్‌కే కొలిచి ఇచ్చిన ఫ్యాక్టరీ రిపోర్టు ఉండి, అందులో డెల్టా ఈ (సరైన రంగుకూ తెర చూపే రంగుకూ ఉన్న తేడా) 2 కంటే తక్కువ ఉంటే దాన్ని నమ్ముకోవచ్చు. గది విషయం కూడా చూసుకోండి. నా పాత గది గోడకు చిలకపచ్చ సున్నం ఉండేది, దాని ముందు కూర్చొని నేను అన్ని ముఖాలకూ తెలియకుండానే గులాబీ రంగు కలిపేవాణ్ని. తెర వెనక గోడకు లేత బూడిదరంగు వేసి, కూల్ డేలైట్ అని అమ్మే 6500 కెల్విన్ ఎల్‌ఈడీ ట్యూబును తెర మీద మెరుపు పడకుండా పెట్టుకుంటే చాలు.

మానిటర్‌ను దుకాణంలో చూసే వీలుంటే తప్పక చూడండి. వరంగల్‌లో మోడల్ దొరక్కపోతే నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాను. దుకాణం వాళ్లు పెట్టే మెరుపు వీడియోలు చూడకండి, పెన్‌డ్రైవ్‌లో మీ సొంత షాట్లు మూడు తీసుకెళ్లండి. నావి పసుపు పూసిన ముఖం ఒకటి, రాత్రి బరాత్ ఒకటి, నలుపు నుంచి తెలుపుకు మెల్లగా మారే బూడిద పట్టీ ఒకటి. ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెట్టించి, ముందు నుంచీ పక్క నుంచీ చూడండి. ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి, అదే రోజున తెరంతా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం పెట్టి చచ్చిన పిక్సెళ్లు వెతకండి. ఒకటి రెండు పిక్సెళ్లకు వారంటీ ఇవ్వని కంపెనీలున్నాయి కాబట్టి తిరిగిచ్చే గడువులోపే తేల్చుకోవాలి.

మీ 22 అంగుళాల పాతదాన్ని అమ్మేయకండి, ఎంతకూ పోదు. పక్కన పెట్టుకొని బిన్‌లూ (క్లిప్‌లు ఉంచే ఫోల్డర్లు), ఆడియో మీటర్లూ దాని మీదికి జరపండి, కొత్త తెర మొత్తం బొమ్మకూ టైమ్‌లైన్‌కూ మిగులుతుంది. రంగు విషయంలో మాత్రం దాని వైపు చూడకండి.