అనంతపురం ఎండల్లో షుగరున్న ముసలి పిల్లికి ఇన్సులిన్ ఎట్లా ఇవ్వాలి?
డాక్టరు గ్లార్జిన్ అనే ఇన్సులిన్ రాస్తే మొదట్లో సాధారణంగా 1 యూనిట్, 12 గంటలకోసారి, తిండి తిన్నాక చర్మం కింద వేస్తారు. అసలు ప్రమాదం సిరంజితోనే. మామూలు గ్లార్జిన్‌లో మిల్లీలీటరుకు 100 యూనిట్లుంటాయి. మందులషాపులో ఎర్రమూత 40 సిరంజి (మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే మందుకు చేసింది) ఇస్తే, 1 గీత దాకా లాగినా 2.5 యూనిట్లు పోతాయి. చిన్న ప్రాణానికి అది చాలా ఎక్కువ. నారింజమూత 100 సిరంజే అడగండి, అర యూనిట్ గీతలుంటే ఇంకా మేలు.

మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండకు బండి డిక్కీలో తెస్తే మందు చెడుతుంది. ఐస్‌ప్యాక్‌కు గుడ్డ చుట్టి తెచ్చి, ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల్లో ఉంచండి, గడ్డకడితే పారేయాల్సిందే.

పిల్లి తినకపోతే డాక్టరును అడగకుండా డోసు వేయొద్దు. షుగర్ మరీ పడిపోయి తూలినా, వణికినా చిగుళ్లకు తేనె రాసి వెంటనే పశువుల ఆస్పత్రికి తీసుకుపోండి. పాలన్నం మాత్రం మాన్పించండి.