వాన వెలిశాక వచ్చే వరద

ప్రశ్న: వానలు తగ్గి మూడు వారాలవుతోంది. ఊరి పక్క వాగు కూడా గట్టు దాటలేదు. అయినా మొన్న తెల్లవారేసరికి వెనుక గదిలో గచ్చు పగుళ్లలోంచి నీరు ఉబుకుతోంది. నేలమాళిగలో నడుము లోతు నిలిచింది. గుమ్మానికి ఇసుక బస్తాలు వేశాం, మోటారు పెట్టి తోడుతున్నాం. పగలు తోడినదంతా రాత్రికి మళ్లీ ఊరుతోంది. పైపు ఎక్కడైనా పగిలిందంటారా?

జవాబు: ముందు మోటారు ఆపండి. తడి కాళ్లతో స్విచ్చి జోలికి మాత్రం వెళ్లవద్దు. మెయిన్ దగ్గర నేల తడిగా ఉంటే విద్యుత్ సిబ్బందినే పిలవండి.

మీ ఇంటి చుట్టూ నేల ఇప్పుడు నిండుకుండలా ఉంది. ఆ నీరు గోడలను బయటినుంచి నెడుతుంటే, లోపలి నీరు ఎదురు నిలిచి కాపు కాస్తోంది. లోపల ఖాళీ చేసి, బయటి మట్టం ఒక్క మీటరు ఎక్కువగా ఉంటే చాలు, గచ్చు మీద చదరపు మీటరుకు దాదాపు 1 టన్ను ఒత్తిడి కిందినుంచి పడుతుంది. ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు నేనే ఒక ఇంట్లో ఒక్క పూటలో అంతా తోడించాను. సాయంత్రానికి గచ్చు నడుమ వెంట్రుకంత గీత కనిపించింది. మర్నాటికి అందులో వేలు పట్టింది. ఆ ఇంటివారికి నేను చేసిన నష్టం అది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పైపు అనుమానం తీరాలంటే నీటి సరఫరా కట్టేసి చూడండి. అయినా ఊరుతుంటే, పక్క బావిలో నీరు కూడా గచ్చు ఎత్తుకు వచ్చి ఉంటే, ఇది భూగర్భజలమే. గుమ్మం దగ్గరి బస్తాలు దీన్ని ఆపలేవు.

ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చిందంటే, వాన నీరు నేలలోకి మెల్లగా దిగుతుంది. రాతి పొరల్లో నీరు పట్టే ఖాళీ నూటికి ఒక వంతే అయితే, లోపలికి ఇంకిన 1 సెంటీమీటరు నీరు మట్టాన్ని 1 మీటరు పైకి లేపుతుంది. దక్షిణ ఇంగ్లండులోని సుద్దరాతి నేలల్లో 2000-01 చలికాలంలో ఇలాగే పైకొచ్చిన నీరు కొన్నిచోట్ల వారాల తరబడి, ఇంకొన్నిచోట్ల నెలల తరబడి నిలిచింది. మీరూ ఓపిక పట్టాలి.

బావిలో మట్టం తగ్గుముఖం పట్టాకే తోడడం మొదలుపెట్టండి. 30 సెంటీమీటర్లు తోడి, గోడ మీద గీత గీసి, రాత్రంతా వదిలేయండి. తెల్లవారి నీరు గీత దాటి ఉంటే ఇంకా వేళ కాలేదన్నమాట. ఇంజను మోటారైతే ఇంటి లోపల నడపనే వద్దు. దాని పొగ ప్రాణం తీస్తుంది.

సెప్టిక్ ట్యాంకు పొంగుతోందని ఇప్పుడే ఖాళీ చేయించకండి. ఖాళీ ట్యాంకు పడవలా పైకి తేలి, పైపులు విరిగిపోతాయి. నీటి వాడకం తగ్గించి గడపండి. తాగే నీటి విషయంలో నాకు ఎక్కువ భయం. ఊటనీరు తేటగా ఉందని నమ్మవద్దు, మురుగు అందులో కలిసి ఉండవచ్చు. కనీసం ఒక నిమిషం తెర్లించి తాగండి. పురుగుమందో డీజిలో కలిసి ఉంటుందనిపిస్తే మరిగించినా ప్రయోజనం లేదు, బయటినుంచి నీరు తెచ్చుకోవాల్సిందే. వరద తగ్గాక బావిని క్లోరిన్‌తో శుద్ధి చేయించి, పరీక్ష చేయించే వరకు ఇదే పద్ధతి.

మళ్లీ ఏడాదికి సిద్ధంగా ఉండాలంటే ఈ రోజే ఒక పని చేయండి. బావి ఒర మీద ఒకచోట గుర్తు పెట్టి, తాడుకు చిన్న బరువు కట్టి దించండి. బరువు నీటిని తాకిన చప్పుడు వినగానే గుర్తు దగ్గర తాడును పట్టుకుని, ఆ పొడవు కొలవండి. తేదీతో గోడ మీద రాయండి. మీ గచ్చు తడిసే మట్టం దాదాపు అదే. ఇకపై వానాకాలమంతా వారానికోసారి, వానలు వెలిశాక కూడా నెలన్నర పాటు కొలవండి. నీరు ఆ అంకెకు ఇంకా ఒక మీటరు కింద ఉందనగానే ధాన్యం, కాగితాలు, పరుపులు ఎత్తు మీదికి చేర్చండి. ఈ లోగా నేల దగ్గరి ప్లగ్గులను నడుము ఎత్తుకు మార్పించండి.