ద్రాక్ష కడిగి ఫ్రిజ్‌లో పెట్టాలా, కడగకుండానా?

మీరు అడిగింది ఇది: "తేగానే శుభ్రంగా కడిగి, గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడుతున్నా మూడు నాలుగు రోజులకే బూజు పడుతోంది. మూత లేకుండా గిన్నెలో పెడితే ముడుచుకుపోతోంది. రెండు వారాలు ఆగే దారి ఉందా?"

ఉందండి. ముందు ఆ కడగడం మానేయండి, సగం సమస్య అక్కడే పోతుంది.

నేను కొన్నేళ్ళు ద్రాక్షను ఏరి డబ్బాల్లో సర్దే ప్యాక్‌హౌస్‌లో, దాని పక్కనే ఉన్న కోల్డ్ స్టోరేజీలో పనిచేశాను. నెలల తరబడి నిలవ ఉంచే సరుకుని కూడా మేము నీళ్ళలో ముంచేవాళ్ళం కాదు. పండు మీద తెల్లగా పొడిలా కనిపిస్తుందే, దాన్ని చూసి చాలామంది మందు అనుకుని రుద్ది రుద్ది కడుగుతారు. అది చాలావరకు పండు తనంతట తాను పూసుకున్న మైనం. లోపలి నీరు త్వరగా ఆవిరైపోకుండా కాపాడేది అదే. గుత్తిని కాడ పట్టుకునే ఎత్తాలి, పళ్ళకు చేయి తగలకూడదు అని మాకు మొదట్లోనే చెప్పేవారు. వేలు పడిన చోట పొడి చెరిగిపోయి నిగనిగలాడే మచ్చ మిగులుతుంది. మందుల అవశేషాల భయం ఉంటే అది న్యాయమే, కానీ దానికోసం తినే ముందు కడుక్కోండి, దాచే ముందు కాదు.

ద్రాక్షకు ఇబ్బంది రెండు వైపుల నుంచీ ఉంది. గాలికి వదిలేస్తే ఎండుతుంది, గట్టిగా మూసేస్తే చెమ్మ పట్టి కుళ్ళుతుంది. మీకు ఈ రెండూ అనుభవమయ్యాయి. కావలసింది మధ్యరకం: చుట్టూ ఉన్న గాలిలో తేమ ఉండాలి, పండు మీద మాత్రం నీటి చుక్క నిలవకూడదు. కోల్డ్ స్టోరేజీలో గాలిలో తేమ 90 నుంచి 95 శాతం, చలి సున్నా నుంచి మైనస్ 1 డిగ్రీ దగ్గర పెడతారు. పండులో చక్కెర ఉంటుంది కాబట్టి ఆ చలికి గడ్డకట్టదు.

ముందు ఎండేది పండు కాదు, కాడ. దానికి మైనం రక్షణ తక్కువ. గుత్తి బరువులో దాదాపు 2 శాతం నీరు పోయేసరికి కాడ గోధుమరంగుకి తిరగడం మొదలవుతుంది. 4, 5 శాతం పోతే పళ్ళు మెత్తబడి తొడిమ దగ్గర సన్నటి ముడతలు వస్తాయి. కాబట్టి కొనేటప్పుడు పండు రంగు తర్వాత, ముందు కాడ చూడండి. పచ్చగా ఉండి, వంచితే వంగాలి. పుల్లలా విరిగితే ఆ గుత్తి ఇప్పటికే చాలా రోజులు చూసిందన్నమాట, మీ ఫ్రిజ్ దానికి కొత్తగా ఇచ్చే ఆయుష్షు పెద్దగా ఉండదు. కాడ పట్టుకుని మెల్లగా ఊపితే జలజలా రాలేదీ వద్దు. ఇంకో మాట, ద్రాక్ష కోశాక మగ్గదు. పుల్లగా ఉంది, నాలుగు రోజులాగితే తియ్యబడుతుందిలే అని దాచడం దండగ.

ఇక బూజు. ద్రాక్షను ఎక్కువగా పట్టేది బోట్రైటిస్ అనే బూడిదరంగు బూజు. దీంతో వచ్చిన చిక్కేంటంటే సున్నా డిగ్రీల దగ్గర కూడా ఆగదు, నిదానిస్తుంది అంతే. కంటికి నూగు కనపడేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. అంతకు ముందే ఒక గుర్తు ఉంటుంది. అనుమానం వచ్చిన పండు మీద బొటనవేలితో మెల్లగా నొక్కి పక్కకు తోస్తే తొక్క కండను వదిలి జారిపోతుంది. పైకి చూస్తే పండు బాగానే ఉంటుంది, మహా అయితే కాస్త గోధుమరంగు మచ్చ. ఆ ఒక్క పండునుంచి తాకి ఉన్న పక్క పళ్ళకు పాకి, నాలుగైదు రోజుల్లో గుత్తి మధ్యలో ఓ గూడు కడుతుంది. ప్యాక్‌హౌస్‌లో ఆడవాళ్ళు సన్నమూతి కత్తెరతో గుత్తిని తిప్పుతూ ఇలాంటివాటిని ఏరేవాళ్ళు. వాళ్ళ చేతివేగం చూస్తే కళ్ళు తిరిగేవి.

మీరూ అదే చేయండి. తెచ్చిన వెంటనే గుత్తి తిరగేసి చూసి పగిలినవి, మెత్తబడినవి, తొడిమ దగ్గర రసం కారుతున్నవి కత్తెరతో తొడిమ దగ్గర కత్తిరించండి. చేత్తో పీకితే తొడిమతోపాటు లోపలి పీచు ఊడొచ్చి, కారిన రసం పక్కవాటికి అంటుతుంది. బూజుకి అంతకన్నా ఏం కావాలి. తినడానికి కూడా పెద్ద గుత్తి నుంచి ఒక్కో పండూ తెంపకుండా చిన్న రెమ్మగా కత్తిరించి తీసుకోండి.

గుత్తి తడిగా ఉంటే ఫ్యాన్ కింద ఆరనివ్వండి. తర్వాత అడుగున టిష్యూ పేపర్ పరిచి, చిల్లులున్న డబ్బాలోనో కవర్లోనో పెట్టండి. చిల్లుల డబ్బాలో ప్యాక్ చేసి అమ్మినవైతే అదే డబ్బా చాలు, మార్చక్కర్లేదు. గుత్తుల మీద గుత్తులు పేర్చకండి, కిందవి నలుగుతాయి. ఫ్రిజ్ తలుపులో పెట్టొద్దు, తీసి వేసినప్పుడల్లా వేడిగాలి తగిలేది అక్కడే. కింది అర లోపలి వైపు మంచిది. ఉల్లిపాయలకు దూరంగా ఉంచండి, ద్రాక్ష వాసన పట్టేస్తుంది. ఇంట్లో ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి కోల్డ్ స్టోరేజీలో ఉన్నన్ని నెలలు ఆశించలేం, కానీ కాడ పచ్చగా ఉన్న గుత్తి అయితే రెండు వారాలు నిలుస్తుంది.

ఎవరూ పట్టించుకోనిది ఒకటుంది. డబ్బా మొత్తం బయటపెట్టి, కబుర్లు చెప్పుకుంటూ తిని, మిగిలింది మళ్ళీ లోపల పెడతాం. చల్లటి పండుకు బయటిగాలి తగలగానే చెమట పడుతుంది. కడగకుండా ఇంత జాగ్రత్తపడి చివరికి తడిపినట్టే కదా! కోల్డ్ స్టోరేజీలో మాకు అన్నిటికన్నా టెన్షన్ దీంతోనే. కరెంటు పోయి చలి పైకీ కిందికీ ఊగితే డబ్బాల లోపల నీటిచుక్కలు తేలేవి. కావలసినంత రెమ్మ తీసుకుని మిగతాది కదపకుండా ఉంచండి.

వెనిగర్ నీళ్ళలో ముంచి ఆరబెట్టి దాచమనే చిట్కా మీరూ చూసే ఉంటారు. వెనిగర్ పైనున్న బూజు బీజాలను కొంత తగ్గించవచ్చు. కానీ దాంతో మైనం కొంత పోతుంది, పైగా గుత్తి నడుమ తొడిమల మధ్య చేరిన నీటిని ఆరబెట్టడం అనుకున్నంత తేలిక కాదు. నేనైతే దాచే పళ్ళకి వాడను.

"మరి వాళ్ళు నెలలపాటు ఎలా ఉంచుతారు?" అంటారా? ఎండ ముదరకముందే కోసి, వీలైనంత త్వరగా చల్లగాలి గుత్తుల మధ్యనుంచి దూసుకుపోయేలా చేసి లోపలి వేడి లాగేస్తారు. ఆ తర్వాత డబ్బాలో పళ్ళ మీద బూజును ఆపే గ్రేప్ గార్డ్ షీటు పరుస్తారు. అందులో ఉండే సోడియం మెటాబైసల్ఫైట్‌కు తేమ తగిలితే సల్ఫర్ డయాక్సైడ్ వాయువు వస్తుంది. రెండు పొరల షీటులో ఒక పొర మొదటి ఒకటి రెండు రోజుల్లో గట్టిగా వదిలితే, రెండోది వారాల తరబడి కొద్దికొద్దిగా వదులుతుంది. డబ్బా తెరవగానే అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసన గుప్పుమంటుంది. మోతాదు మించితే తొడిమ చుట్టూ పండు పాలిపోతుంది. ఇది ఇంట్లో ప్రయత్నించేది కాదు. ఉబ్బసం ఉన్నవాళ్ళలో కొందరికి సల్ఫైట్లు పడవు కూడా. కొన్న డబ్బాలో ఆ షీటు ఉంటే తీసి పారేయండి.

రెండు వారాలు దాటి ఉంచాలంటే ఫ్రీజర్ ఒక్కటే దారి. ఇక్కడ మాత్రం కడగాలి. తొడిమలు తీసి, కడిగి, పూర్తిగా ఆరాక పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి గడ్డకట్టించి, ఆ తర్వాత కవర్లో వేయండి. నెలల తరబడి ఉంటాయి. కరిగాక మెత్తగా అయిపోతాయి కాబట్టి గడ్డగా ఉండగానే తినాలి, లేదా జ్యూస్‌కి వాడుకోవాలి. ఐదేళ్ళలోపు పిల్లలుంటే వాళ్ళకు గడ్డకట్టినవి ఇవ్వకండి. మామూలువి కూడా నిలువుగా నాలుగు ముక్కలు చేసే పెట్టండి, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.