చైనాలో చైనీస్ కోర్సు: స్కూల్ శాఖలు కాదు, సెక్షన్లు చూడండి

ప్రశ్న: మాది సూళ్లూరుపేట. మా అమ్మాయి బీకాం చేసి, శ్రీసిటీలో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీ పర్చేజ్ విభాగంలో ఏడాదిగా పనిచేస్తోంది. సప్లయర్లు ఎక్కువగా చైనా వాళ్లే కావడంతో అక్కడికే వెళ్లి చైనీస్ నేర్చుకుంటానంటోంది. ‘ఇరవై మందితో మొదలై నాలుగు నగరాలకు విస్తరించాం, ఆరు నెలల్లో అనర్గళంగా మాట్లాడిస్తాం’ అంటూ కన్సల్టెన్సీ వాళ్లు ఒక ప్రైవేటు లాంగ్వేజ్ స్కూల్ బ్రోషర్ చూపిస్తున్నారు. సగం ఫీజు ముందే కట్టమంటున్నారు. పంపించొచ్చా?

జవాబు: అమ్మాయి ఆలోచన మంచిదే. చేస్తున్న పనికి పనికొచ్చే భాష, పైగా ఏడాది అనుభవం చేతిలో ఉంది. డబ్బు మాత్రం ఇప్పుడే కట్టకండి.

ముందు ఆ ఆరు నెలల మాట తేల్చుకుందాం. అమెరికా విదేశాంగ శాఖ ఇంగ్లీష్ మాట్లాడే తన ఉద్యోగులకు చైనీస్ నేర్పడానికి వేసుకున్న లెక్క సుమారు 2200 క్లాసు గంటలు. చైనా యూనివర్సిటీల్లో విదేశీయుల లాంగ్వేజ్ కోర్సు మామూలుగా వారానికి 20 పీరియడ్లు ఉంటుంది. ఏడాదిలో 36 వారాలు జరిగితే 720 పీరియడ్లు, అంటే దాదాపు 600 గంటలు. అదే రోజుకు రెండు గంటల చొప్పున వారానికి ఐదు రోజులు, ఆరు నెలలు చదివితే వచ్చేది 260 గంటలు. వాటితో కొట్టులో బేరమాడటం, ఆటో వాడితో మాట్లాడటం వస్తాయి. సప్లయర్‌తో డెలివరీ తేదీ మీద వాదించడం రాదు.

ఇక ‘విస్తరించాం’ అన్న మాట. విదేశీయులకు చైనీస్ నేర్పే స్కూల్ నిజంగా పెరగడమంటే ఏమిటో బీజింగ్‌లోని ఒక సంస్థను చూస్తే తెలుస్తుంది. 1950లో సింగ్హువా యూనివర్సిటీలో తూర్పు యూరప్ దేశాల విద్యార్థుల కోసం 33 మందితో ఒక ప్రత్యేక తరగతి పెట్టారు. 1952లో అది పెకింగ్ యూనివర్సిటీకి మారింది. విదేశీ విద్యార్థులు పెరగడంతో 1962లో ఈ పనికే విడిగా ఒక విద్యాసంస్థ వచ్చింది. 1964లో దాని పేరు బీజింగ్ లాంగ్వేజ్ ఇన్‌స్టిట్యూట్. సాంస్కృతిక విప్లవ కాలంలో మూతపడి, 70ల తొలినాళ్లలో మళ్లీ తెరుచుకుంది. 1984లో అక్కడ విదేశీయుల చైనీస్ స్థాయిని కొలిచే పరీక్ష తయారీ మొదలైంది. ఈ రోజు ప్రపంచమంతా రాస్తున్న హెచ్‌ఎస్‌కే పుట్టింది అలాగే. 1996 నుంచి ఆ సంస్థ బీజింగ్ లాంగ్వేజ్ అండ్ కల్చర్ యూనివర్సిటీ. విదేశీయులకు నేర్పడమే వృత్తిగా ఉన్న టీచర్లు, మెట్లు మెట్లుగా రాసిన పాఠాలు, స్థాయిని కొలిచే పరీక్ష, ఇవన్నీ అక్కడ ఒకదాని వెంట ఒకటి సమకూరాయి. నాలుగు నగరాల్లో బోర్డు పెట్టడం వేరే సంగతి.

విద్యార్థికి దీనివల్ల ఒరిగేది సెక్షన్ల సంఖ్య. పెద్ద స్కూల్లో స్థాయిని బట్టి పది పన్నెండు సెక్షన్లు నడుస్తాయి. చేరగానే ప్లేస్‌మెంట్ టెస్ట్ పెట్టి తగిన దాంట్లో కూర్చోబెడతారు. పాఠం మరీ తేలికగానో బరువుగానో ఉంటే మొదటి వారం, పది రోజుల్లో మారే వీలు మామూలుగా ఉంటుంది. చిన్న స్కూల్లో సెక్షన్లు రెండో మూడో ఉంటాయి. ఇక్కడే 300 మాటలు నేర్చుకుని వెళ్లిన అమ్మాయిని కూడా ‘నమస్కారం, నీ పేరేమిటి’ దగ్గర కూర్చోబెడతారు. రెండు నెలల ఫీజు అక్కడే పోతుంది. కాబట్టి కన్సల్టెన్సీని ఎన్ని శాఖలని అడగకండి. ఈ సెమిస్టర్‌లో ఎన్ని స్థాయిలు నడుస్తున్నాయి, ఒక్కో సెక్షన్‌లో ఎంతమంది, మెయిన్ క్లాస్ కాక వినడానికీ మాట్లాడటానికీ వేరే పీరియడ్లు ఉన్నాయా అని అడగండి. సెక్షన్‌లో ఇరవై మంది దాటితే, యాభై నిమిషాల పీరియడ్‌లో ఒక్కొక్కరు నోరు తెరిచేది రెండు నిమిషాలే.

అంతకన్నా ముఖ్యం వీసా. 180 రోజులు దాటే చదువుకు ఎక్స్1 వీసా కావాలి. దానికి అడ్మిషన్ నోటీసుతో పాటు జేడబ్ల్యూ 202 అనే ఫారం ఉండాలి. విదేశీ విద్యార్థులను చేర్చుకునే అధికారం ఉన్న సంస్థల నుంచే ఇవి వస్తాయి. చాలా ప్రైవేటు స్కూళ్లకు ఆ అధికారం ఉండదు. అప్పుడు ‘ముందు టూరిస్ట్ వీసా మీద వెళ్లండి, అక్కడ మార్చుకోవచ్చు’ అంటారు. ఆ మాట వినపడితే వెనక్కి వచ్చేయండి. ఎక్స్1 మీద వెళ్లినవాళ్లు దిగిన 30 రోజుల్లో రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి. హాస్టల్ కాకుండా బయట గది తీసుకుంటే 24 గంటల్లో పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాలి. విద్యార్థి వీసా మీద అనుమతి లేకుండా పార్ట్‌టైమ్ పని చేయకూడదు. అక్కడే సంపాదించుకుంటుందన్న లెక్క పెట్టుకోకండి. ఫీజు ఎప్పుడు కట్టినా అడ్మిషన్ నోటీసు మీదున్న సంస్థ పేరుతో ఉన్న ఖాతాకే కట్టండి.

నా సలహా: మొదటి రెండు మెట్లు ఇక్కడే ఎక్కించండి. పాత పద్ధతి హెచ్‌ఎస్‌కేలో మొదటి స్థాయికి 150 మాటలు, రెండుకు 300, మూడుకు 600, నాలుగుకు 1200. మొదటి రెండు స్థాయిల ప్రశ్నపత్రంలో చైనీస్ లిపి పక్కన రోమన్ అక్షరాల్లో పలుకు కూడా ఉంటుంది. దాన్ని పిన్‌యిన్ అంటారు. మూడో స్థాయి నుంచి అది మాయమవుతుంది. చాలామంది కూలబడేది సరిగ్గా అక్కడే, ఎందుకంటే అప్పటిదాకా కళ్లు రోమన్ అక్షరాల మీదే ఉన్నాయి. మొదటి వారం నుంచే ప్రతి మాటనూ లిపిలో రాయడం అలవాటైతే ఈ గండం ఉండదు. 2021లో తొమ్మిది స్థాయిల కొత్త ప్రమాణం వచ్చింది, సిలబస్ మారుతోంది. పరీక్షకు నమోదయ్యే ముందు అధికారిక వెబ్‌సైట్‌లో ఏ పద్ధతి నడుస్తోందో చూసుకోమనండి.

పలుకు విషయంలో తెలుగువాళ్లకు ఒక పెద్ద వెసులుబాటు ఉంది. మనవాళ్లు దాన్ని వాడుకోరు. పిన్‌యిన్‌లో రోమన్ ‘బి’ కనబడగానే ‘బ’ అని చదివేస్తారు. నిజానికి అది మన ‘ప’. ‘పి’ అక్షరం ఒత్తి పలికే ‘ఫ’, పెదవులు పూర్తిగా మూసి వదిలేది. అలాగే ‘డి’ మన ‘త’కు, ‘టి’ మన ‘థ’కు దగ్గర. ‘జి’ అంటే ‘క’, ‘కె’ అంటే ‘ఖ’. ‘జెడ్’ అక్షరమైతే చాప, చుక్క అనేటప్పుడు మనం పలికే దంత్య ‘చ’. ఇంగ్లీష్ ద్వారా కాకుండా ఇలా తెలుగు అక్షరాల మీదుగా నేర్చుకుంటే నెల రోజుల్లో పలుకు కుదురుకుంటుంది.

టోన్లకు, అంటే మాట అర్థాన్నే మార్చేసే గొంతు ఎగుడుదిగుళ్లకు మాత్రం తెలుగులో ఆసరా లేదు. ‘మాయ్’ అని గొంతు దించి పలికితే కొనడం, పై నుంచి విసురుగా కిందికి పలికితే అమ్మడం. పర్చేజ్‌లో ఉన్న మనిషికి ఇంతకన్నా ముఖ్యమైన తేడా ఏముంటుంది? అంకెలూ అంతే. నాలుగు ‘స్’ అనీ పది ‘ష్’ అనీ వినిపిస్తాయి. 14 అంటే ‘ష్‌స్’, 40 అంటే ‘స్‌ష్’. దక్షిణ చైనాలో చాలామంది ‘ష’ను కూడా ‘స’లాగే పలుకుతారు. అప్పుడు ఆధారం టోన్ ఒక్కటే: నాలుగు కిందికి పడుతుంది, పది పైకి లేస్తుంది. పెద్ద అంకెలు పదివేల లెక్కలో నడుస్తాయి. పదివేలు ఒక ‘వాన్’, లక్ష పది వాన్‌లు, కోటి వెయ్యి వాన్‌లు. ఇన్‌వాయిస్‌లోని అంకెలను రోజుకు ఇరవై చొప్పున పైకి చదివి రికార్డు చేసుకోమనండి.

రెండో స్థాయి పూర్తయ్యాక యూనివర్సిటీలో ఏడాది కోర్సుకు వెళితే, శ్రద్ధగా చదివే అమ్మాయి నాలుగో స్థాయికి చేరగలదు. ఆ పరీక్షకు 300 మార్కులు, 180 వస్తే పాస్. సప్లయర్లతో సొంతంగా మెయిల్, ఫోన్ నడపడానికి అది సరిపోతుంది. అనువాదకురాలిగా స్థిరపడాలంటే ఐదు, ఆరు స్థాయిలు, పైగా అచ్చు (మౌల్డ్), శాంపిల్, లోపాల రిపోర్టు లాంటి ఫ్యాక్టరీ మాటలు వేరుగా నేర్చుకోవాలి. హాస్టల్‌లో మనవాళ్లతో గది తీసుకోవద్దని చెప్పండి. సాయంత్రాలు తెలుగులో గడిస్తే పొద్దుటి నాలుగు పీరియడ్లు నిలవవు.

మీ వైపు కొన్ని ఫ్యాక్టరీలు తైవాన్ కంపెనీలవి. అక్కడి భాష కూడా మాండరినే, అంటే ఇంతసేపూ చైనీస్ అన్న భాషే, కానీ లిపి పాతది, గీతలు ఎక్కువ. వాళ్ల పరీక్ష పేరు టీఓసీఎఫ్ఎల్. అమ్మాయి సప్లయర్లలో తైవాన్ వాళ్లే ఎక్కువైతే, 1956 నుంచి తైపీలో నడుస్తున్న నేషనల్ తైవాన్ నార్మల్ యూనివర్సిటీ మాండరిన్ ట్రైనింగ్ సెంటర్‌ను కూడా చూడండి. అక్కడ మూడేసి నెలల టర్ములు కాబట్టి ఉద్యోగానికి ఏడాది సెలవు దొరకనివాళ్లకు అనువు. విదేశీయులు చైనీస్ నేర్చుకోవడానికి తైవాన్ విద్యాశాఖ హువాయూ స్కాలర్‌షిప్ కూడా ఇస్తుంది.

చైనా యూనివర్సిటీల్లో సెమిస్టర్లు సెప్టెంబర్‌లో ఒకటి, ఫిబ్రవరి చివర, మార్చిలో మరొకటి మొదలవుతాయి. దరఖాస్తులు కొన్ని నెలల ముందే ముగుస్తాయి. ఉద్యోగానికి ఇప్పుడే రాజీనామా చేయించకండి. రెండో స్థాయి ఫలితం వచ్చాక, జీతం లేని సెలవు ఇస్తారేమో కంపెనీని అడగమనండి. చైనీస్ వచ్చిన పర్చేజ్ మనిషి వాళ్లకూ అవసరమే.