జాకీ పెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు కొన్న 1996 నాటి మెర్సిడెస్ ఇ220 కారు ఫొటోలు, గతుకుల మీద అది చేసే చప్పుడు రికార్డింగు అందాయి. మెర్సిడెస్ బెంజ్ వారు 1995లో పుణేలో తయారీ మొదలుపెట్టినప్పుడు మన దేశంలో తొలిగా బిగించిన బండి, నీ ఇ220 చెందిన ఈ డబ్ల్యూ124 రకమే. విజయవాడ ఆటోనగర్‌లో ఇలాంటివి నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి. ముందు షాక్ అబ్సార్బర్లు, లోయర్ ఆర్ములు (చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే చేతులు), స్ప్రింగులు అన్నీ కొత్తవి తెప్పించి, ఆ తరువాత లోపలి చెక్క, సీట్లు చూసుకుంటానని రాశావు. ఆ క్రమం మార్చుకోమని చెప్పడానికే ఈ ఉత్తరం. ఈ బండిలో ముందుగా ముసలితనం వచ్చేది ఇనుముకు కాదు, రబ్బరుకు, స్పాంజికి, జిగురుకు, ప్లాస్టిక్ క్లిప్పుకు. ఏ ఫిర్యాదు వెనుక ఏ రబ్బరు ఉందో తేల్చుకోకుండా ఇనుము కొంటే డబ్బు పోతుంది, చప్పుడు మిగులుతుంది.

అన్నిటికంటే ముందు తలుపుల కింది భాగానికీ, వాటి దిగువన గడపలకూ ఉన్న ప్లాస్టిక్ పలకలు విప్పించు. అది అలంకరణ పని అనిపిస్తుంది కానీ, జాకీ పెట్టే చోట్లు ఆ గడప పలకల వెనుకే ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా అక్కడ చేరిన తడి మట్టి రేకును తినేసి ఉంటే, దాదాపు 1,400 కిలోల బండిని ఆ చోటు మోయలేదు. పలకలను పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పీకవద్దు. గంటసేపు ఎండ తగిలాక ప్లాస్టిక్ కాస్త మెత్తబడుతుంది. అప్పుడు అంచుల్లో దాగిన మరలను వెతికి విప్పి, స్క్రూడ్రైవరుతో కాకుండా చేత్తోనూ ప్లాస్టిక్ పట్టీతోనూ మెల్లగా వదులు చేయాలి. ఎంత జాగ్రత్త పడినా క్లిప్పులు కొన్ని విరుగుతాయి, కాబట్టి వాటిని ముందే ఎక్కువగా తెప్పించుకో. రేకు కుళ్లి ఉంటే టింకరింగ్ పని ముగిసేదాకా సస్పెన్షన్ జోలికి వెళ్లవద్దు.

ఇక చప్పుడు సంగతి. చిన్న గతుకు మీద నెమ్మదిగా పోతున్నప్పుడు ముందు నుంచి వచ్చే ఆ ‘టక్కు’ స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) బుష్‌ల నుంచి, అంటే దాన్ని పట్టి ఉంచే రబ్బర్ల నుంచి గానీ, లోయర్ బాల్ జాయింట్ల (చక్రం తిరగడానికి వీలిచ్చే గుండు కీళ్ల) నుంచి గానీ, షాక్ పైన ఉండే రబ్బరు మౌంటు నుంచి గానీ వస్తుంది. ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరు పిట్‌లో నిలబడి, ఒక్కొక్క కీలు మీద చెయ్యి వేసి చూడాలి. చెవి మోసపోయిన చోట చెయ్యి మోసపోదు. వేగంగా వెళ్తున్నప్పుడు వెనుక భాగం ఊగినట్టుందన్నావు. వెనుక ఒక్కొక్క చక్రాన్ని ఐదు కడ్డీలు పట్టుకుని ఉంటాయి. 1982లో వచ్చిన 190 కారుతో మొదలైన ఈ ఏర్పాటు ఎంత గొప్పదో, వాటి చివర్ల రబ్బర్లు పగిలినప్పుడు అంత అయోమయంగా నడుస్తుంది. ఒక్క కడ్డీ మార్చి చూద్దామనుకోవద్దు. వెనుకవి మారిస్తే రెండు వైపులా ఒకేసారి మార్చాలి.

ముందు చక్రాల దగ్గర ప్రాణాపాయం ఉంది, ఇది శ్రద్ధగా చదువు. ఈ బండిలో స్ప్రింగు షాక్ చుట్టూ ఉండదు, విడిగా లోయర్ ఆర్ము మీద కూర్చుంటుంది. ఆ ఆర్ము మరీ కిందికి జారకుండా ఆపేది షాకే. ఆర్ము కింద జాకీ ఆనించకుండా షాక్ బోల్టు విప్పితే స్ప్రింగు బలమంతా ఒక్కసారిగా ఆర్మును కిందికి తన్నుతుంది. స్ప్రింగు తీయడానికి దాన్ని లోపలి నుంచి పట్టి నొక్కే పళ్లేల కంప్రెసరు వాడాలి. బయట కొక్కేలు తగిలించే మామూలు పరికరంతో చేస్తానన్నవాడి దగ్గర బండి వదలవద్దు.

కొత్త బుష్‌లు వేశాక వాటి బోల్టులను బండి గాల్లో ఉండగా బిగించకూడదు. చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. మా షెడ్డులోనే ఒకసారి, పెళ్లికి అందాలని యజమాని తొందరపెడితే, లిఫ్టు మీదే బిగించేశాం. కొద్ది నెలలకే నాలుగు బుష్‌లూ చిరిగి బండి తిరిగొచ్చింది. మా ఖర్చుతోనే మళ్లీ వేశాం. వేలితో బిగించి, చక్రాలు నేల మీద పెట్టి, బండిని నాలుగడుగులు ముందుకూ వెనక్కూ దొర్లించి, ఆ తరువాత టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) చివరి బిగింపు ఇవ్వాలి. చక్రాల అలైన్‌మెంట్ అన్నిటికంటే చివరి పని.

లోపలి పనుల్లో చెక్క గురించే నాకు ఎక్కువ బెంగ. చారల జీబ్రానో చెక్కకు పగుళ్లు వచ్చాయన్నావు. నీ ఫొటోల్లో పగిలింది చెక్క కాదు, దాని మీది మెరుపు పూత. అడుగున ఉన్న వెనీరు, అంటే అతికించిన పలుచని చెక్క పొర, మిల్లీమీటరు మందం కూడా ఉండదు. మిషను పెట్టి అరగదీస్తే అర నిమిషంలో చెక్క పోయి మచ్చ మిగులుతుంది. నీళ్ల కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితంతో) చేత్తోనే పూతను మాత్రం తీసి, ఎండను తట్టుకునే క్లియర్ కోటు పలుచగా అనేకసార్లు వేయించు. కిటికీల చుట్టూ మెరిసే పట్టీలకు ఇత్తడి సామాను తోమే పాలిష్ పెట్టవద్దు. పై పొర ఒకసారి పోతే మళ్లీ రాదు. సీటు కుంగిందని స్పాంజి ముక్కలు కూరే కుషన్ షాపులు ఉంటాయి. కవరు విప్పించి లోపలి స్ప్రింగులు, పీచు మెత్త చూడనిదే ఏదీ కూరనివ్వవద్దు. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు బీడింగులు గట్టిపడి ఉంటే కొత్తవి వేయించు, వర్షాకాలం ముందే.

స్ప్రింగులు మాత్రం ఇప్పుడే కొనవద్దు. బండి ఒక వైపు వాలిందంటే స్ప్రింగే అలిసిందని కాదు. స్ప్రింగు పైన ఉండే రబ్బరు ప్యాడ్ నలిగినా అలాగే వాలుతుంది. ఆ ప్యాడ్ల అంచున ఒకటి నుంచి నాలుగు దాకా బుడిపెలు ఉంటాయి, బుడిపెలు పెరిగేకొద్దీ ప్యాడ్ మందం పెరుగుతుంది. స్ప్రింగులను కూడా ఆ బండిలో ఏయే సదుపాయాలు ఉన్నాయో లెక్కగట్టి ఎంచారు కాబట్టి, వేరే బండిలోవి తెచ్చి వేస్తే ఎత్తు కుదరదు. సమతలమైన నేల మీద నాలుగు చక్రాల దగ్గరా ఎత్తు కొలిచి రాసి పెట్టు; ప్యాడ్లు బయటికి వచ్చిన రోజున బుడిపెలు కనబడేలా ఫొటో తీసి, ఏ చక్రం దగ్గరిదో రాసి నాకు పంపించు. అవి చూశాక ఏవి తెప్పించాలో చెబుతాను.

నీ పెదనాన్న